పిల్లల్లో లైమ్ వ్యాధి నిర్ధారణకు జన్యు సీక్వెన్సింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లవాడికి లైమ్ వ్యాధి (పిడుదు కుట్టడం వల్ల సోకే బ్యాక్టీరియా జబ్బు) ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు "జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా" అనే మాట తల్లిదండ్రుల నుంచే కాదు, కొన్నిసార్లు డాక్టర్ల నుంచీ వినిపిస్తుంది. కొన్ని సందర్భాల్లో నిజంగానే తేలుతుంది. చాలా సందర్భాల్లో తేలదు. సీక్వెన్సింగ్ అంటే డీఎన్ఏలోని అక్షరాల వరుసను మెషీన్‌తో చదవడం. ఆ మెషీన్ సరిగా చదవలేకపోవడం అరుదు. శాంపిల్ ట్యూబులో చదవడానికి బ్యాక్టీరియా డీఎన్ఏ ఏమీ లేకపోవడమే ఎక్కువ. కింది జవాబుల్లో సగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

లైమ్ వ్యాధి అనగానే పిల్లల ప్రస్తావన ఎందుకు వస్తుంది?

ఈ వ్యాధి బయటపడిందే పిల్లల వల్ల. 1975లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్, ఓల్డ్ లైమ్, ఈస్ట్ హాడమ్ అనే పక్కపక్క ఊళ్లలో చాలామంది పిల్లలకు మోకాళ్లు వాచాయి. మొదట దాన్ని పిల్లల్లో వచ్చే కీళ్లవాతం అనుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదుల కడుపులో మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను గుర్తించారు. 1982లో ఆ విషయం అచ్చయింది. ఆయన పేరు మీదనే దాన్ని బొరీలియా బర్గ్‌డోర్ఫెరై అన్నారు. ఉత్తర అమెరికాలో ఎక్కువగా ఇదే కారణం. యూరప్, ఆసియాల్లో బొరీలియా అఫ్జెలీ, బొరీలియా గరీనీ ఎక్కువ.

గడ్డిలో, పొదల్లో ఆడుకునే వయసు కాబట్టి 5 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కేసులు ఎక్కువగా కనిపిస్తాయి. కుట్టే పిడుదు పిల్ల దశలో గసగసాల గింజంత ఉంటుంది. తలవెంట్రుకల్లో, చెవి వెనక, చంకలో, మోకాలి మడతలో పట్టుకుంటే ఎవరి కంటా పడదు. అందుకే "పిడుదు కుట్టలేదు" అని ఇంట్లోవాళ్లు చెప్పినంత మాత్రాన అనుమానం తీరిపోదు.

జన్యు పరీక్ష అంటే పిల్లవాడి జన్యువులు చదువుతారా, బ్యాక్టీరియావా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఒకే మాట కింద మూడు వేర్వేరు పరీక్షలు నడుస్తున్నాయి.

మొదటిది, శాంపిల్‌లో ఉన్న బ్యాక్టీరియా డీఎన్ఏను వెతికి చదవడం. ఈ పేజీలో ఎక్కువగా దాని గురించే ఉంటుంది. రెండోది, ఇన్‌ఫెక్షన్‌కు పిల్లవాడి తెల్లకణాలు ఎలా స్పందిస్తున్నాయో ఆర్ఎన్ఏ (పనిచేస్తున్న జన్యువుల నకళ్లు) ద్వారా చూడడం. మూడోది, పిల్లవాడు పుట్టుకతో తెచ్చుకున్న జన్యువులను చదవడం. ప్రొటీన్లను తయారుచేసే జన్యుభాగాలన్నీ చదివే ఎక్సోమ్ లాంటి పరీక్షలు ఈ కోవలోవి. ఈ మూడోది లైమ్ ఉందో లేదో చెప్పదు. రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్ఎల్ఏ జన్యువుల్లో కొన్ని రకాలు, టీఎల్ఆర్1 జన్యువులో ఒక తేడా ఉన్నవాళ్లలో మందులకు త్వరగా లొంగని కీళ్లవాపు ఎక్కువగా కనిపించిందన్న పరిశోధనలు ఉన్నాయి. వాటిని బట్టి రోగ నిర్ధారణ చేయకూడదు. లైమ్ కోసం ఎక్సోమ్ చేయిద్దామని ఎవరైనా అంటే, ఆ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబిస్తుందో అడగండి.

చర్మం మీద ఎర్రటి మచ్చ కనిపించింది. సీక్వెన్సింగ్ చేయించాలా?

వద్దు. పిడుదు కుట్టిన 3 నుంచి 30 రోజుల్లోపు, 5 సెంటీమీటర్లు దాటి, రోజురోజుకూ అంచులు విస్తరిస్తున్న మచ్చ ఉండి, పిల్లవాడు లైమ్ ఉన్న ప్రాంతంలో తిరిగి ఉంటే కంటితో చూసి చెప్పేదే నిర్ధారణ. అమెరికా నిపుణుల సంఘాలు 2020లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలూ ఏ పరీక్షా లేకుండా మందు మొదలుపెట్టమనే చెబుతున్నాయి. మచ్చ మధ్యలో తెల్లగా, గురిపెట్టే బోర్డులా ఉండాలనేమీ లేదు. చాలా మచ్చలు మొత్తం ఎర్రగానే ఉంటాయి. కుట్టిన రోజే లేచి, రెండు రోజుల్లో తగ్గిపోయే చిన్న ఎరుపు మాత్రం లైమ్ మచ్చ కాదు. అది కుట్టినచోట వచ్చే చికాకు.

మచ్చ తీరు సందేహంగా ఉంటే కొలిచి, పెన్నుతో అంచు గీసి, ఫోటో తీసి, రెండు రోజులాగి మళ్లీ చూడండి. ఏ మెషీన్ కన్నా ఇది చవక, చాలాసార్లు నమ్మకం కూడా.

మామూలు యాంటీబాడీ పరీక్ష సరిపోదా?

రెండు, మూడు వారాలు దాటిన వ్యాధికి బాగానే సరిపోతుంది. రెండు అంచెల పరీక్షలో ముందు రక్తంలో యాంటీబాడీలను వెతికే ఎలైజా తరహా పరీక్ష చేసి, అది పాజిటివ్ లేదా సందేహంగా వస్తే రెండోది చేస్తారు. పాత పద్ధతిలో ఆ రెండోది ఇమ్యునోబ్లాట్, అంటే యాంటీబాడీలను గీతలుగా చూపే పరీక్ష. ఐజీజీకి (ఎక్కువకాలం నిలిచే యాంటీబాడీ) 10 గీతల్లో కనీసం 5, ఐజీఎమ్‌కు (మొదట తయారయ్యే యాంటీబాడీ) 3లో కనీసం 2 కనిపించాలి. ఐజీఎమ్ ఫలితాన్ని లక్షణాలు మొదలైన 30 రోజుల్లోపే లెక్కలోకి తీసుకోవాలి. ఆ తర్వాత ఐజీఎమ్ ఒక్కటే పాజిటివ్ అయితే అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. 2019 నుంచి బ్లాట్ బదులు రెండో ఎలైజా వాడే పద్ధతికీ అమెరికాలో అనుమతి ఉంది.

చిక్కల్లా మొదటి రెండు వారాలతోనే. ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యేదాకా పరీక్షకు దొరికేదేమీ ఉండదు. మచ్చ ఉన్న దశలో సగం మందికి పైగా నెగెటివ్ వస్తుంది. రెండో చిక్కు, యాంటీబాడీలు ఏళ్లపాటు ఉండిపోతాయి. మూడేళ్ల కిందటి ఇన్‌ఫెక్షన్‌కూ నిన్నటిదానికీ తేడా చెప్పలేవు. సీక్వెన్సింగ్ మీద ఆశలు పుట్టింది ఈ రెండు లోటుల వల్లే.

బ్యాక్టీరియా డీఎన్ఏను నేరుగా చదివితే సరిపోతుంది కదా. ఎందుకు దొరకదు?

రెండు లెక్కలు చూద్దాం.

మొదటిది రక్తం లెక్క. బొరీలియా రక్తంలో కొద్దిరోజులే తిరుగుతుంది, అదీ చాలా పలచగా. చర్మం, కీళ్లు, నరాల చుట్టూ ఉన్న కణజాలమే దాని నివాసం. 10 మి.లీ. రక్తానికి ఒక్క బ్యాక్టీరియా చొప్పున ఉందనుకుందాం. 20 కిలోల పిల్లవాడి ఒంట్లో సుమారు 1,500 మి.లీ. రక్తం ఉంటుంది. అంటే మొత్తం 150 బ్యాక్టీరియాలు తిరుగుతున్నట్టు. 3 మి.లీ. తీస్తే ఆ ట్యూబులో కనీసం ఒక్కటైనా పడే అవకాశం 26 శాతం. 10 మి.లీ. తీస్తే 63 శాతం. పెద్దవాళ్ల దగ్గర రెండు, మూడు ట్యూబులు తీయొచ్చు గానీ చిన్నపిల్లల దగ్గర అలా కుదరదు. చెరువులో చెంబుడు నీళ్లు ముంచి చేపల్లేవన్నట్టు ఉంటుంది ఫలితం.

రెండోది మనిషి డీఎన్ఏ లెక్క. బొరీలియా జన్యుపదార్థం మొత్తం 15 లక్షల అక్షరాలు. మనిషి కణం ఒక్కోదానిలో దాదాపు 620 కోట్లు. అంటే ఒక్క తెల్లకణం డీఎన్ఏ నాలుగు వేలకు పైగా బొరీలియాల డీఎన్ఏతో సమానం. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చిన పిల్లవాడి వెన్ను నీటిలో ఒక మైక్రోలీటరుకు 100 తెల్లకణాలు ఉన్నాయనుకుంటే 1 మి.లీ.లో లక్ష కణాలు. అదే 1 మి.లీ.లో 10 బొరీలియాలు ఉన్నా సరే, కోటి రీడ్లు (మెషీన్ చదివే ఒక్కో డీఎన్ఏ ముక్క ఒక రీడు) చదివితే వాటిలో బొరీలియాది సగటున పావు రీడు. నాలుగుసార్లు చేస్తే ఒకసారి ఒక్క రీడు కనబడొచ్చన్నమాట. రక్తం మొత్తాన్ని అలాగే చదివితే ఇంతకన్నా ఘోరం.

అందుకే ఎవరూ శాంపిల్‌ను ఉన్నపళంగా చదవరు. కణాలను తిప్పి వేరుచేసి పై నీటిని, లేదా ప్లాస్మాను వాడతారు. మనిషి డీఎన్ఏను తగ్గించే రసాయనాలు వాడతారు. బొరీలియా ముక్కలకు మాత్రమే అతుక్కునే ప్రోబులతో వాటిని ఏరి తీస్తారు. ఒక్కో పద్ధతిలో లాభంతోపాటు నష్టమూ ఉంది. కణాలను తీసేస్తే వాటికి అంటుకున్న బ్యాక్టీరియా కూడా పోతుంది. ప్రోబులు వాడితే వాటిలో లేని సూక్ష్మజీవి ఏదీ కనిపించదు.

అయితే ఏ శాంపిల్‌లో దొరికే అవకాశం ఎక్కువ?

వాచిన మోకాలి నీరు. చికిత్స మొదలవని లైమ్ కీళ్లవాపులో పీసీఆర్‌కు (ఎంచుకున్న డీఎన్ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే పరీక్ష) మంచి ఫలితాలు వచ్చేది ఇక్కడే. 1994లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో 88 మందిలో 75 మంది కీలు నీటిలో బొరీలియా డీఎన్ఏ దొరికింది. అంటే 85 శాతం. అంత మంచి అంకె వెన్ను నీటికీ రక్తానికీ రాదు.

మచ్చ అంచు నుంచి తీసిన చర్మపు ముక్కలో కూడా సగానికి పైగా కేసుల్లో దొరుకుతుంది. కానీ మచ్చ ఉంటే పరీక్షే అక్కర్లేదని పైన చెప్పాం. మచ్చ తీరు వింతగా ఉన్నప్పుడో, పరిశోధన కోసమో తప్ప పిల్లల చర్మానికి కోత పెట్టడం అనవసరం.

వెన్ను నీటిలో సీక్వెన్సింగ్‌కైనా పీసీఆర్‌కైనా దొరకడం తక్కువే. నరాలకు సోకిన లైమ్‌లో రక్తంలోని యాంటీబాడీలు, వెన్ను నీటిలో అక్కడికక్కడే తయారైన యాంటీబాడీల నిష్పత్తి ఎక్కువ సమాచారమిస్తాయి. మూత్రం శాంపిల్‌తో లైమ్ తేలుస్తామనే ప్రకటనలను నమ్మకండి.

మోకాలి నీరు తీసేటప్పుడు, పంపేటప్పుడు ఏం చూసుకోవాలి?

పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

వీలైతే యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే నీరు తీయాలి. పిల్లవాడికి తీవ్ర జ్వరం ఉండి, కీలులో చీము పట్టిందన్న అనుమానం ఉంటే మాత్రం సీక్వెన్సింగ్ కోసం మందు ఆపకూడదు. నీరు తీయగానే మొదటి వాటా కణాల లెక్కకు, గ్రామ్ స్టెయిన్‌కు (బ్యాక్టీరియాకు రంగు వేసి చూడడం), కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూడడం) వెళ్లాలి. మిగిలినదాంట్లో కనీసం 1 మి.లీ. డీఎన్ఏ పరీక్షకు ఉంచండి.

ట్యూబు ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ఉన్నదై ఉండాలి. గడ్డకట్టకుండా ఆపే మరో మందు హెపారిన్ ఉన్న ట్యూబులో వేస్తే ఆ హెపారిన్ పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటుంది. శాంపిల్ బాగున్నా ఫలితం నెగెటివ్ వస్తుంది. పైగా ఆ నెగెటివ్ చూడడానికి మామూలు నెగెటివ్ లాగానే ఉంటుంది. కీలు నీటిలో హయలూరోనిక్ ఆమ్లం వల్ల జిగట ఎక్కువ. దాన్ని విడగొట్టే ఎంజైముతో ముందు పలచబరచకపోతే పిపెట్‌తో సరైన కొలత రాదు, డీఎన్ఏ కూడా సరిగా విడిపోదు. నీటిలో రక్తం కలిస్తే హీమోగ్లోబిన్ మరో అడ్డంకి.

చర్మపు ముక్కయితే ఫార్మలిన్‌లో వేయొద్దు. డీఎన్ఏ ముక్కలుముక్కలై, ఒకదానికొకటి అతుక్కుపోతుంది. 2 లేదా 3 మి.మీ. పంచ్‌తో, మచ్చ మధ్యలో కాకుండా విస్తరిస్తున్న అంచులో తీసి స్టెరైల్ సెలైన్‌లో పంపాలి.

ప్లాస్మా పరీక్షకు రక్తం తీస్తే అదే రోజు, కొద్ది గంటల్లోనే తిప్పి ప్లాస్మా వేరుచేయాలి. ఆలస్యమైతే తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ ప్లాస్మాలో కలుస్తుంది. అప్పుడు పైన చెప్పిన రెండో లెక్క మళ్లీ మన మీదకే వస్తుంది. కణాలు పగలకుండా నిలిపే ప్రత్యేక ట్యూబులున్నాయి. వాటిలో కొన్ని రోజులు ఉంచొచ్చు. కానీ వాటిని ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట ఉంచాలా అన్నది ల్యాబు చెప్పినట్టే చేయాలి. శాంపిల్‌ను గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించడం ఏ పద్ధతికీ మంచిది కాదు.

ల్యాబులో జరిగేదేమిటి? ఎన్ని రోజులు పడుతుంది?

డీఎన్ఏను బయటకు తీస్తారు. ముక్కల చివర్లకు ఆ శాంపిల్‌ను గుర్తుపట్టే చిన్న అక్షరాల గుర్తు అతికిస్తారు. అవసరమైతే పీసీఆర్‌తో పెంచుతారు. మెషీన్‌లో చదువుతారు. వచ్చిన రీడ్లలో మనిషివి తీసేసి, మిగిలినవాటిని సూక్ష్మజీవుల డేటాబేస్‌తో పోల్చుతారు. ప్రతి బ్యాచ్‌లోనూ శాంపిల్ లేని ఖాళీ ట్యూబొకటి, తెలిసిన డీఎన్ఏ కలిపిన ట్యూబొకటి మొదటి నుంచి చివరి దాకా నడవాలి. అవి లేని ఫలితానికి విలువ లేదు.

శాంపిల్‌లో ఉన్నదంతా చదివే మెటాజినోమిక్ పరీక్షకు ల్యాబు పనే సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు. రవాణా, నిపుణుల పరిశీలన కలిపితే వారం పట్టొచ్చు. మోకాలు వాచిన పిల్లవాడికి ఈ రాత్రి ఆపరేషన్ గదికి వెళ్లాలా వద్దా అన్న ప్రశ్నకు ఇది జవాబివ్వదు.

16ఎస్, టార్గెటెడ్, మెటాజినోమిక్ అని రకరకాలుగా అంటున్నారు. లైమ్‌కు ఏది?

16ఎస్ అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉండే ఒకే జన్యువును పెంచి చదివే పద్ధతి. ఏం వెతకాలో తెలియనప్పుడు మంచిది. బొరీలియా విషయంలో రెండు లోపాలు. దానిలో ఈ జన్యువు ఒక్క కాపీయే ఉంటుంది, చాలా బ్యాక్టీరియాల్లోనేమో నాలుగైదు, అంతకుమించి ఉంటాయి. కాబట్టి పట్టుకునే శక్తి తగ్గుతుంది. రెండోది, లైమ్ తెచ్చే బొరీలియా జాతుల మధ్య 16ఎస్ దాదాపు ఒకేలా ఉంటుంది. "బొరీలియా" అని చెప్పగలదు, బర్గ్‌డోర్ఫెరైయా, అఫ్జెలీయా అన్నది గట్టిగా చెప్పలేదు.

టార్గెటెడ్ పద్ధతిలో బొరీలియాకే ప్రత్యేకమైన చోట్లు చదువుతారు. ఫ్లాజెలిన్ జన్యువు, బయటిపొర ప్రొటీన్ ఓఎస్‌పీ-ఏ జన్యువు, 5ఎస్, 23ఎస్ అనే జన్యువుల నడుమ ఉండే భాగం లాంటివి. జాతి కూడా వీటితోనే తేలుతుంది. కీలు నీటిలో ఒక వింత ఉంది. క్రోమోజోమ్ మీది జన్యువుల కన్నా ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క) మీదున్న ఓఎస్‌పీ-ఏ తేలిగ్గా దొరుకుతుంది. కాబట్టి క్రోమోజోమ్ లక్ష్యం ఒక్కటే వాడే ల్యాబు కన్నా రెండు రకాలూ వాడే ల్యాబు నయం.

మెటాజినోమిక్ అంటే ఉన్నదంతా చదవడం. ఒక్క లైమ్ కోసమే దీన్ని ఎంచుకోవడం మా దృష్టిలో తప్పు. మెదడువాపు లక్షణాలతో పిల్లవాడు ఆస్పత్రిలో ఉండి, మామూలు పరీక్షలన్నీ ఖాళీ వచ్చినప్పుడు వాడాల్సిన ఆయుధమిది. 2014లో 14 ఏళ్ల అబ్బాయి విషయంలో అలాగే జరిగింది. నెలల తరబడి తేలని మెదడు జబ్బుకు కారణం లెప్టోస్పైరా అని వెన్ను నీటి సీక్వెన్సింగ్ రెండు రోజుల్లో చూపింది. పెన్సిలిన్‌తో అతను కోలుకున్నాడు. లెప్టోస్పైరా కూడా బొరీలియా లాంటి మెలికల బ్యాక్టీరియాయే.

అదే పద్ధతికి మరో వైపు కూడా చూడాలి. 2019లో అచ్చయిన అధ్యయనంలో 204 మంది వెన్ను నీటిని ఇలా చదివారు. బయటపడిన 58 ఇన్‌ఫెక్షన్లలో 13 సీక్వెన్సింగ్‌కు మాత్రమే దొరికాయి. 26 దానికి దొరకలేదు. ఆ 26లో 11 యాంటీబాడీ పరీక్షతోనే తేలాయి. లైమ్ సరిగ్గా అలాంటి జబ్బే.

రిపోర్టులో ఏం చూడాలి?

"డిటెక్టెడ్" అనే మాట దగ్గర ఆగిపోవద్దు. ఎన్ని రీడ్లు బొరీలియావి? అవి జన్యుపదార్థంలో వేర్వేరు చోట్ల నుంచి వచ్చాయా, ఒకే చోట పేరుకున్నాయా? ఒకే చోట 40 రీడ్లు ఉండడం కన్నా 5 వేర్వేరు చోట్ల 5 రీడ్లు ఉండడం బలమైన సాక్ష్యం. ఒకేచోటివి పీసీఆర్‌లో ఒకే ముక్క పదేపదే పెరిగినవి కావచ్చు. ఖాళీ ట్యూబులో ఎన్ని వచ్చాయి? కొన్ని ల్యాబులు బ్యాక్టీరియా రీడ్ల నిష్పత్తి ఖాళీ ట్యూబు కన్నా కనీసం 10 రెట్లు ఉంటేనే పాజిటివ్ అంటాయి.

బొరీలియా డీఎన్ఏలో జీ, సీ అక్షరాలు 28 శాతం చిల్లరే. మిగతాదంతా ఏ, టీలు. అలాంటి సాదాసీదా వరుసలు ఇతర జీవుల డీఎన్ఏతో పొరపాటున సరిపోయే ప్రమాదముంది. పీసీఆర్‌లో అవి సరిగా పెరగకపోవడమూ ఉంది. రీడ్లను ఇంకో సాఫ్ట్‌వేర్‌తో సరిచూశారా అని అడగడం అతి కాదు.

పరీక్ష సరిగా నడిచిందో లేదో తెలియడానికి శాంపిల్‌లో కలిపే అంతర్గత కంట్రోల్ ఫెయిలైతే ఆ ఫలితం నెగెటివ్ కాదు, చెల్లని పరీక్ష. రిపోర్టులో ఆ గీత చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి.

పాజిటివ్ వస్తే లైమ్ ఖాయమేనా?

ఎవరిలో వచ్చిందన్నదాన్ని బట్టి. ఉదాహరణకు, నీరసం, ఒళ్లునొప్పులు మాత్రమే ఉన్న 1,000 మంది పిల్లలకు పరీక్ష చేశామనుకోండి. వాళ్లలో నిజంగా లైమ్ ఉన్నవాళ్లు 10 మంది. పరీక్ష సగం మందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో 100కు ఒకరిని తప్పుగా పాజిటివ్ అంటుంది. అప్పుడు నిజమైన పాజిటివ్‌లు 5, తప్పుడువి దాదాపు 10. చేతికొచ్చిన పాజిటివ్ రిపోర్టుల్లో మూడింట రెండొంతులు తప్పు. అదే పరీక్షను లైమ్ ప్రాంతంలో మోకాలు వాచిన పిల్లల్లో వాడితే లెక్క తలకిందులవుతుంది.

తప్పుడు పాజిటివ్ రావడానికి దారులు మూడు, నాలుగు. పక్క శాంపిల్ నుంచి తుంపర పడడం, పాజిటివ్ కంట్రోల్ నుంచి కలవడం, మెషీన్ ఒక శాంపిల్ గుర్తును మరోదానికి అంటగట్టడం, డేటాబేస్‌లో తప్పుపేరుతో ఉన్న వరుసలు. ఒకటి రెండు రీడ్ల పాజిటివ్ వస్తే అదే శాంపిల్ మిగులు నుంచి మళ్లీ డీఎన్ఏ తీసి, వేరే లక్ష్యంతో పీసీఆర్ చేయించడం సరైన పద్ధతి.

నెగెటివ్ వస్తే?

లైమ్ లేదని అర్థం కాదు. ఆ ట్యూబులో దొరకలేదని మాత్రమే. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయించండి. కీళ్లవాపు విషయంలో మాత్రం యాంటీబాడీ నెగెటివ్‌కు గట్టి విలువుంది. ఆ దశకొచ్చేసరికి ఐజీజీ దాదాపు అందరిలో బలంగా ఉంటుంది. కీళ్లవాపు ఉండి, ఐజీజీ లేకపోతే వేరే కారణం వెతకాలి.

మూతి ఒక పక్కకు వంకరపోయింది. వెన్ను నీరు తీసి సీక్వెన్సింగ్ చేయాలా?

లైమ్ ప్రాంతంలో, ఎండాకాలంలో పిల్లల్లో వచ్చే ముఖ పక్షవాతానికి లైమ్ ముఖ్య కారణాల్లో ఒకటి. ముందు చేయాల్సింది యాంటీబాడీ పరీక్ష. తలనొప్పి, మెడ బిగుసుకోవడం, వాంతులు ఉంటే వెన్ను నీటి సంగతి డాక్టరు ఆలోచిస్తారు. అమెరికాలో పిల్లల డాక్టర్లు వాడే "ఏడుల సూత్రం" ఒకటుంది. తలనొప్పి 7 రోజులకన్నా తక్కువ, వెన్ను నీటి తెల్లకణాల్లో ఏకకేంద్రక కణాలు 70 శాతంకన్నా తక్కువ, 7వ కపాల నాడి సహా ఏ కపాల నాడికీ పక్షవాతం లేదు. మూడూ నిజమైతే లైమ్ మెనింజైటిస్ అవకాశం తక్కువ. ఇందులో సీక్వెన్సింగ్ ఎక్కడా లేదు, ఆ రాత్రికి కావాల్సిన జవాబు మాత్రం ఉంది.

సీక్వెన్సింగ్ నిజంగా పనికొచ్చే సందర్భాలేవి?

నాలుగేళ్లలోపు పిల్లవాడికి కీలు వాచి కల్చర్ ఖాళీ వచ్చినప్పుడు. ఆ వయసులో కింగెల్లా కింగే అనే బ్యాక్టీరియా సాధారణ కారణం. అది కల్చర్‌లో సరిగా పెరగదు. ఒకే కీలు నీటిలో లైమ్‌నూ కింగెల్లానూ కలిపి చూడొచ్చు.

పిడుదు కుట్టాక మచ్చ లేకుండా తీవ్ర జ్వరం వచ్చినప్పుడు. అదే పిడుదు మోసే బొరీలియా మియమోటోయి, అనాప్లాస్మా, బబీసియా రక్తంలో లైమ్ బ్యాక్టీరియాకన్నా చాలా ఎక్కువగా తిరుగుతాయి. కాబట్టి రక్తం నుంచే దొరుకుతాయి. బబీసియాకు డాక్సీసైక్లిన్ పనిచేయదు, కాబట్టి ఇక్కడ పేరు తెలిస్తే మందు మారుతుంది. పిడుదులే మోసే పొవాసాన్ వైరస్ అనుమానమైతే డీఎన్ఏ మాత్రమే చదివే పరీక్ష దండగ. అది ఆర్ఎన్ఏ వైరస్. ఆర్ఎన్ఏ కూడా చదువుతారో లేదో ముందే అడగాలి.

రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలు మరో సందర్భం. వాళ్లలో యాంటీబాడీలే సరిగా తయారుకావు.

తెల్లకణాల ఆర్ఎన్ఏ చదివే పరీక్ష సంగతేమిటి?

బ్యాక్టీరియా దొరకని చోట దాని జాడను ఒంటి స్పందనలో వెతకడం ఇందులోని ఆలోచన. 2022లో ఒక పరిశోధక బృందం 31 జన్యువుల స్పందనతో తొలిదశ లైమ్‌ను గుర్తుపట్టే పద్ధతిని ప్రకటించింది. టీ కణాలనే తెల్లకణాల మీది గ్రాహకాలను చదివి లైమ్ ముద్ర వెతికే దారి ఇంకొకటి. పైన చెప్పిన ట్యూబు సమస్య వీటికి లేదు, ఎందుకంటే 3 మి.లీ. రక్తంలో తెల్లకణాలు కోట్లకొద్దీ ఉంటాయి. అయితే పిల్లల రోగనిరోధక స్పందన పెద్దవాళ్లది లాంటిది కాదు. పెద్దవాళ్ల శాంపిళ్లతో కట్టిన లెక్కను ఐదేళ్ల పిల్లకు అంటగట్టే ముందు పిల్లల మీద సరిచూశారా అన్నది అడగాలి. శాంపిల్‌కు ఆర్ఎన్ఏను తక్షణం నిలిపే ట్యూబు కావాలి, మామూలు ఈడీటీఏ ట్యూబులో గంటల్లోనే స్పందన మారిపోతుంది.

చికిత్స అయ్యాక తగ్గిందో లేదో సీక్వెన్సింగ్‌తో చూడొచ్చా?

చూడకూడదు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ కీలులో కొన్ని వారాలు, నెలలు ఉండిపోవచ్చు. డీఎన్ఏ కనబడితే బతికున్నట్టు కాదు. ఆ పాజిటివ్ చూసి మందులు పొడిగిస్తే పిల్లవాడికి విరేచనాలు, అలర్జీలు తప్ప ఒరిగేది లేదు. మోకాలి వాపు తగ్గుతోందా, నడక ఎలా ఉందన్నవే కొలతలు.

మందు ఎంపికకూ సీక్వెన్సింగ్ అక్కర్లేదు. లైమ్ బ్యాక్టీరియా డాక్సీసైక్లిన్‌కూ అమాక్సిసిల్లిన్‌కూ లొంగుతుంది. మచ్చకు డాక్సీసైక్లిన్ 10 రోజులు, లేదా అమాక్సిసిల్లిన్ 14 రోజులు. కీళ్లవాపుకు 28 రోజులు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ అసలే ఇవ్వకూడదన్న పాత మాట మారింది. 21 రోజులకు మించకపోతే వయసుతో పనిలేకుండా వాడొచ్చని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతోంది. డోసు బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి.

పీకేసిన పిడుదును సీక్వెన్సింగ్‌కు పంపాలా?

వైద్యం కోసమైతే వద్దు. పిడుదులో బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన పిల్లవాడికి ఎక్కినట్టు కాదు. అందులో లేకపోయినా, కంటికి కనబడని ఇంకో పిడుదు కుట్టి ఉండొచ్చు. ఏ జాతి పిడుదు, ఎంతసేపు పట్టుకుని ఉంది, రక్తం తాగి ఉబ్బిందా అన్నవే పనికొస్తాయి. ఉత్తర అమెరికాలో 36 గంటలు దాటి పట్టుకుని ఉంటే, పీకిన 72 గంటల్లోపు ఒక్క డోసు డాక్సీసైక్లిన్ ఇవ్వడం గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. పిడుదు ఫలితం వచ్చేసరికి ఆ 72 గంటలు దాటిపోతాయి.

మా పిల్లవాడి జన్యు సమాచారం ల్యాబు దగ్గర ఉండిపోతుందా?

మెటాజినోమిక్ పరీక్షలో చదివిన రీడ్లలో అత్యధికం పిల్లవాడివే. వాటిని కంప్యూటర్ తీసేసినా ముడి ఫైలులో ఉంటాయి. సంతకం పెట్టేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోండి. మనిషి రీడ్లను చెరిపేస్తారా, ఎన్నాళ్లకు? మిగిలిన శాంపిల్‌ను పరిశోధనకు వాడతారా? వేరే సూక్ష్మజీవి ఏదైనా బయటపడితే చెబుతారా? పెద్దపిల్లలైతే వాళ్లకూ అర్థమయ్యేలా చెప్పి ఒప్పించడం మర్యాద.

పరీక్ష రాయించుకునే ముందు డాక్టరును, ల్యాబును ఏమడగాలి?

డాక్టరును ఒక్కటే అడగండి. పాజిటివ్ వస్తే ఏం మారుతుంది, నెగెటివ్ వస్తే ఏం మారుతుంది? రెండింటికీ "అదే మందు" అన్నది జవాబైతే పరీక్ష అక్కర్లేదు.

ల్యాబును అడగాల్సినవి ఎక్కువ. ఈ రకం శాంపిల్ మీదే పరీక్షను సరిచూశారా? రక్తం మీద సరిచూసిన పరీక్షను కీలు నీటికి వాడితే ఆ అంకెలు వర్తించవు. మిల్లీలీటరుకు కనీసం ఎన్ని బ్యాక్టీరియాలుంటే పట్టుకోగలరు? కనీస పరిమాణమెంత, అంతకన్నా తక్కువ పంపితే తిరస్కరిస్తారా, రిపోర్టులో రాసి చేస్తారా? మిగులు శాంపిల్‌ను ఎన్ని రోజులు ఉంచుతారు? ఈ చివరి ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. ఒకటి రెండు రీడ్ల పాజిటివ్ వచ్చిన రోజున మళ్లీ సరిచూడడానికి ఆ అర మిల్లీలీటరే కావాలి. లేకపోతే పిల్లవాడి మోకాలికి రెండోసారి సూది గుచ్చాలి.